పరీక్ష మూడో రీడింగ్‌తో మొదలవుతుంది: ల్యాబ్‌లో థెవెనిన్ సిద్ధాంతం

ల్యాబ్ టేబుల్ మీద రెండు సర్క్యూట్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాంట్లో 12 వోల్టుల సప్లై, మూడు రెసిస్టర్లు. రెండోదాంట్లో 8.25 వోల్టుల సప్లై, ఒకే ఒక్క రెసిస్టర్. మొదటిదానికి 1 కిలో ఓమ్ లోడ్ (సర్క్యూట్ నుంచి కరెంట్ తీసుకునే రెసిస్టర్) తగిలిస్తే మీటర్ 3.82 మిల్లీ ఆంపియర్లు చూపించింది. అదే లోడ్ తీసి రెండోదానికి పెడితే మళ్లీ 3.82. రెండు అంకెలూ పట్టికలో ఎక్కుతాయి, కింద "సిద్ధాంతం సరిచూడబడింది" అన్న వాక్యం పడుతుంది, వైర్లు విప్పేస్తారు. ప్రయోగం అయిపోయింది.

ఆ ఒక్క రీడింగ్ ఏం చెప్పిందో ఒకసారి ఆగి చూడాలి. 8.25 వోల్టుల సప్లై, 1157.5 ఓమ్‌ల రెసిస్టర్ బదులు 5 వోల్టుల సప్లై, 307.6 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా ఆ 1 కిలో ఓమ్ లోడ్‌లో వచ్చేది 3.82 మిల్లీ ఆంపియర్లే. 10 వోల్టులకు ఒక రెసిస్టెన్స్ ఉంటుంది, 20 వోల్టులకు మరొకటి ఉంటుంది. ఇలాంటి జంటలు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, అన్నీ ఆ ఒక్క రీడింగ్‌కు సరిగ్గా సరిపోతాయి. వాటిలో ఏది అసలు సర్క్యూట్‌కు సమానమో ఆ లోడ్ చెప్పలేదు. లోడ్ మార్చి 10 కిలో ఓమ్‌లు పెడితే గుట్టు బయటపడుతుంది. అసలు సర్క్యూట్ 0.74 మిల్లీ ఆంపియర్లు ఇస్తే, 5 వోల్టుల నకిలీ 0.485 దగ్గరే ఆగిపోతుంది.

థెవెనిన్ సిద్ధాంతం చెప్పే మాట ఒక బిందువు గురించి కాదు, ఒక గీత గురించి. సప్లైలు, రెసిస్టర్లు ఎన్ని ఉన్నా, ఎంత చిక్కుగా అల్లుకుని ఉన్నా, అన్నీ లీనియర్ అయితే, అంటే వోల్టేజ్ ఎన్ని రెట్లు పెరిగితే కరెంట్ అన్ని రెట్లే పెరిగేవైతే, ఏ రెండు టెర్మినళ్ల నుంచి చూసినా ఆ సర్క్యూట్ ఒక వోల్టేజ్ సోర్స్, దానికి సిరీస్‌లో ఒక రెసిస్టెన్స్ లాగే ప్రవర్తిస్తుంది. అంటే టెర్మినళ్ల నుంచి తీసుకునే కరెంట్ పెరిగేకొద్దీ వోల్టేజ్ సూటి గీత మీదుగా తగ్గుతుంది. గీత గీయడానికి రెండు బిందువులు చాలు. ఏ రెండు బిందువుల గుండానైనా ఒక గీత పోతుంది కాబట్టి మొదటి రెండు రీడింగులు సిద్ధాంతాన్ని పరీక్షించవు, అవి గీత ఎక్కడుందో మాత్రమే చెబుతాయి. పరీక్ష మొదలయ్యేది మూడో రీడింగ్‌తోనే.

ఈ ఫలితాన్ని లెయోన్ షార్ల్ థెవెనిన్ 1883లో ప్రచురించాడు. ఆయన ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీర్. అంతకు 30 ఏళ్ల ముందే, 1853లో, జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ జంతువుల కండరాల్లో, నరాల్లో పుట్టే విద్యుత్తును పరిశీలిస్తూ ఇదే సంగతి రాశాడు. సోర్స్‌ను కరెంట్ రూపంలో, రెసిస్టెన్స్‌ను దానికి పారలల్‌గా చూపించే రూపం 1926లో ఇద్దరి చేతుల మీదుగా విడివిడిగా వచ్చింది: బెల్ ల్యాబ్స్‌లో ఎడ్వర్డ్ నార్టన్, జర్మనీలో హన్స్ ఫెర్డినాండ్ మేయర్. కండరం, టెలిగ్రాఫ్ లైన్ రెండింటిలోనూ ఒక పోలిక కనిపిస్తుంది. లోపల ఏముందో విప్పి చూసే వీలుండదు, చేతికి అందేవి రెండు కొసలే. ఆ రెండు కొసల దగ్గర కొలిచి ఎంతవరకు చెప్పగలం అన్న ప్రశ్నకు ఈ సిద్ధాంతం జవాబు.

సిద్ధాంతానికి గణితంలో రుజువు ఎప్పుడో ఉంది. సూపర్‌పొజిషన్ (ఒక్కో సోర్స్ ఫలితాన్ని విడిగా లెక్కించి కలపవచ్చన్న నియమం) ఒప్పుకుంటే నాలుగు వరుసల్లో తేలిపోతుంది. అలాంటప్పుడు ల్యాబ్‌లో సరిచూసేది ఏమిటి? బల్ల మీద ఉన్న ఈ నిజమైన వస్తువులు సిద్ధాంతం అడిగిన షరతును పాటిస్తున్నాయా, కొలిచే చేయి, మీటరు నమ్మదగ్గవేనా అన్నది. సిద్ధాంతం తప్పని తేలే అవకాశం లేదు. సర్క్యూట్ లీనియర్ కాదనో, కొలతలో పొరపాటు ఉందనో తేలే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ప్రయోగం విలువంతా అక్కడే ఉంది.

ఇక సర్క్యూట్ దగ్గరికి వద్దాం. 12 వోల్టుల సప్లై పాజిటివ్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్. దాని రెండో కొస నుంచి నెగటివ్‌కు 2.2 కిలో ఓమ్‌లు. ఆ రెండూ కలిసిన చోటు నుంచి బయటికి 470 ఓమ్‌లు, దాని చివర టెర్మినల్ ఎ. సప్లై నెగటివ్ టెర్మినల్ బి. లోడ్ ఎ, బి మధ్య వస్తుంది. లెక్క సులువే. లోడ్ లేనప్పుడు 470 ఓమ్‌లలో కరెంట్ ఉండదు కాబట్టి ఎ-బి మధ్య వోల్టేజ్ 12ను 3.2తో భాగించి 2.2తో గుణిస్తే వచ్చే 8.25 వోల్టులు, ఇదే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్. సప్లై స్థానంలో ఒక వైరు ఉందనుకుంటే 1 కిలో ఓమ్, 2.2 కిలో ఓమ్‌లు పారలల్‌లో 687.5 ఓమ్‌లు, దానికి 470 కలిపితే 1157.5 ఓమ్‌లు, ఇదే థెవెనిన్ రెసిస్టెన్స్.

కాగితం మీద ఉన్న ఈ అంకెలను నేరుగా మీటర్ అంకెలతో పోల్చడమే చాలా గందరగోళాలకు మూలం. గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలున్న రెసిస్టర్‌ను 1 కిలో ఓమ్ అంటాం. దాని చివర బంగారు రంగు పట్టీ ఉంటే అసలు విలువ 950 నుంచి 1050 ఓమ్‌ల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2.2 కిలో ఓమ్‌లది 2090 నుంచి 2310 దాకా పోతుంది. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా జరిగితే, రెసిస్టర్లలో ఏ లోపమూ లేకుండానే, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 7.99 నుంచి 8.50 మధ్య ఏదైనా రావచ్చు. మీటర్ 8.10 చూపిస్తే కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది, సప్లై నాబ్‌ను కొద్దిగా తిప్పి 8.25 రప్పించాలని చేయి లాగుతుంది. అలా తిప్పిన క్షణంలో ప్రయోగం చచ్చిపోతుంది. బ్రెడ్‌బోర్డ్‌లో గుచ్చడానికి ముందే మూడు రెసిస్టర్లనూ ఒక్కొక్కటిగా మీటర్‌తో కొలిచి, ఆ కొలిచిన విలువలతోనే లెక్క కట్టాలి. అప్పుడు లెక్కకూ రీడింగ్‌కూ మధ్య తేడా 5 శాతం స్థాయి నుంచి మీటర్ కచ్చితత్వం స్థాయికి దిగుతుంది. మామూలు డిజిటల్ మల్టీమీటర్లలో డీసీ వోల్టేజ్‌కు అది సాధారణంగా 0.5 శాతం దగ్గర ఉంటుంది. అంత దిగిన తర్వాత కూడా మిగిలిన తేడా ఏదైనా ఉంటే దాన్ని పట్టించుకోవాలి. దానికి కారణం ఉంటుంది.

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ కొలవడం తేలికైన పని. అయితే ఇక్కడ ఒక అందమైన విషయం దాగి ఉంది. వోల్ట్‌మీటర్ తగిలిస్తే ఎ-బి ఇక ఓపెన్‌గా లేనట్టే, మీటర్ లోపలి రెసిస్టెన్సే లోడ్ అవుతుంది. చాలా డిజిటల్ మీటర్లలో అది 10 మెగా ఓమ్‌లు. మన 1157 ఓమ్‌ల ముందు అది ఓపెన్‌తో సమానమే, 8.25లో 1 మిల్లీ వోల్ట్ మాత్రమే పోతుంది. ఇదే సర్క్యూట్‌ను వెయ్యి రెట్ల పెద్ద రెసిస్టర్లతో, అంటే 1 మెగా ఓమ్, 2.2 మెగా ఓమ్‌లు, 470 కిలో ఓమ్‌లతో కట్టి చూడండి. లెక్కలో వోల్టేజ్ అదే 8.25. మీటర్ మాత్రం 7.39 చూపిస్తుంది. 10 శాతం పైగా మాయమైంది. మీటర్ పాడు కాలేదు, సిద్ధాంతం తప్పలేదు. 1.1575 మెగా ఓమ్‌ల థెవెనిన్ రెసిస్టెన్స్‌కు 10 మెగా ఓమ్‌ల లోడ్ తగిలితే రావలసిన వోల్టేజ్ సరిగ్గా అదే. కొలతలో వచ్చిన తప్పును కూడా సిద్ధాంతమే ముందుగా లెక్కగట్టి చెప్పింది. సిద్ధాంతం నిలబడిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఆ బల్ల మీద మరొకటి దొరకదు, కానీ దీన్ని ఎక్కువమంది "ఎర్రర్" అని రాసి వదిలేస్తారు.

అసలు చిక్కంతా థెవెనిన్ రెసిస్టెన్స్ కొలవడంలో ఉంటుంది. పుస్తకంలో "సోర్స్‌ను తీసేసి టెర్మినళ్ల నుంచి రెసిస్టెన్స్ కొలవాలి" అని ఉంటుంది. తీసేయడం అంటే ఏమిటన్న దగ్గరే దారి తప్పుతుంది. ఆదర్శ వోల్టేజ్ సోర్స్‌ను సున్నా చేస్తే అది సున్నా వోల్టుల సోర్స్ అవుతుంది, అంటే ఒక వైరు. కాబట్టి సప్లైకి వెళ్లే రెండు లీడ్లనూ సప్లై నుంచి ఊడదీసి, ఆ రెండు కొసలనూ ఒకదానికొకటి కలపాలి. ఊడదీయకుండా సప్లై టెర్మినళ్లను షార్ట్ చేయకూడదు. ఊడదీసి కలపకుండా వదిలేయకూడదు.

రెండో పొరపాటు చాలా మామూలు, దాన్ని అంకె చూసే గుర్తుపట్టవచ్చు. లీడ్లు గాల్లో ఉంటే 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక కొస ఎక్కడికీ కలవదు, అది లెక్కలోంచి తప్పుకుంటుంది. మిగిలేది 470, 2200 సిరీస్‌లో. మీటర్ 2670 ఓమ్‌లు చూపిస్తుంది. ల్యాబ్‌లో ఎవరి పట్టికలోనైనా 2.67 కనిపిస్తే వాళ్ల బ్రెడ్‌బోర్డ్ చూడకుండానే చెప్పవచ్చు, లీడ్లు కలపలేదని. ఇలా ప్రతి తప్పుకూ తనదైన అంకె ఉంటుంది. సర్క్యూట్ కట్టడానికి ముందే ఆ అంకెలను లెక్క వేసి పక్కన పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు తప్పును నిమిషంలో పట్టుకుంటారు.

మూడో పొరపాటు ఇంకా మోసకారి: సప్లై స్విచ్ ఆఫ్ చేసి, లీడ్లను అలాగే ఉంచి కొలవడం. ఆఫ్ అయిన సప్లై వైరు కాదు, ఓపెన్ కూడా కాదు. దాని అవుట్‌పుట్ దగ్గర కెపాసిటర్లు ఉంటాయి, లోపల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. ఓమ్ మీటర్ పంపే చిన్న కరెంట్ ఆ కెపాసిటర్‌ను చార్జ్ చేస్తూ పోతుంది, రీడింగ్ ఒకచోట నిలవదు. అందులో మిగిలిపోయిన చార్జ్ ఉంటే మీటర్ అర్థం లేని అంకె చూపిస్తుంది. రీడింగ్ మెల్లగా పాకుతూ ఉంటే చూపు సప్లై వైపు తిరగాలి. సప్లై ఆన్‌లో ఉండగా ఓమ్ మీటర్ పెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడ వచ్చేది రెసిస్టెన్స్ కాదు, మీటర్‌కు కూడా మంచిది కాదు.

సోర్స్‌ను తీసే పని లేకుండా కూడా ఈ రెసిస్టెన్స్ తెలుసుకోవచ్చు. ఎ-బి మధ్య అమ్మీటర్ పెట్టి షార్ట్ కరెంట్ కొలిస్తే మన సర్క్యూట్‌లో 7.13 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. 8.25ను దానితో భాగిస్తే 1157. ఇక్కడ షార్ట్ చేయడం వల్ల ప్రమాదం లేదు, రెసిస్టర్లు కరెంట్‌ను అదుపులో ఉంచుతాయి. ఇదే పని వాహనం బ్యాటరీతో చేయబోతే వందల ఆంపియర్లు పారి వైర్లు కాలతాయి, మనుషులు గాయపడతారు. బ్యాటరీ లాంటి వాటికి లోడ్ పద్ధతే సరైనది. ముందు ఓపెన్ వోల్టేజ్, తర్వాత తెలిసిన ఒక లోడ్ పెట్టి వోల్టేజ్. రెండింటి తేడాను రెండోదానితో భాగించి లోడ్ విలువతో గుణిస్తే లోపలి రెసిస్టెన్స్ వస్తుంది. డెకేడ్ బాక్స్ (నాబులతో విలువ మార్చుకునే రెసిస్టెన్స్ పెట్టె) ఉంటే ఇంకా హాయి. ఎ-బి వోల్టేజ్ సరిగ్గా సగానికి, అంటే 4.125కు, దిగేదాకా నాబులు తిప్పి, బాక్స్ మీద ఉన్న అంకె చదువుకోవడమే. లోపలా బయటా వోల్టేజ్ సమానంగా పంచుకున్నాయంటే రెసిస్టెన్సులు సమానమన్నట్టే. లెక్క లేకుండా కంటితో సిద్ధాంతం కనిపించే క్షణం అది.

ఓమ్ మీటర్‌తో, షార్ట్ కరెంట్‌తో, సగం వోల్టేజ్‌తో, ఈ మూడు దారుల్లోనూ ఒకే అంకె వస్తే ఆ అంకెను నమ్మవచ్చు. ఒక్క ఓమ్ మీటర్ రీడింగ్‌తో సరిపెట్టుకునే ప్రయోగానికీ దీనికీ పోలికే లేదు.

ఇప్పుడు రెండో సర్క్యూట్, అంటే మొదటిదానికి సమానార్థక సర్క్యూట్, కట్టాలి. 1157.5 ఓమ్‌ల రెసిస్టర్ ఎక్కడా దొరకదు. 1 కిలో ఓమ్, 150, 6.8 సిరీస్‌లో పెడితే 1156.8 వస్తుంది, లేదా డెకేడ్ బాక్స్ వాడుకోవచ్చు. సప్లైని 8.25కు పెట్టేటప్పుడు దాని ముందున్న డిస్‌ప్లేను కాదు, మొదటి సర్క్యూట్‌ను కొలిచిన మల్టీమీటర్‌నే నమ్మాలి. మీటర్‌లో ఉన్న చిన్న తప్పు రెండు వైపులా ఒకేలా పడితే పోలిక చెడదు.

ఇక లోడ్లు. మొదటి సర్క్యూట్‌కు 220 ఓమ్‌లు పెడితే 1.32 వోల్టులు రావాలి, 470కి 2.38, 1 కిలో ఓమ్‌కు 3.82, 2.2కు 5.41, 4.7కు 6.62, 10కి 7.39. కరెంట్లు వరుసగా 5.99, 5.07, 3.82, 2.46, 1.41, 0.74 మిల్లీ ఆంపియర్లు. వీటిని గ్రాఫ్ కాగితం మీద కరెంట్ అడ్డంగా, వోల్టేజ్ నిలువుగా పెట్టి గుర్తిస్తే ఆరు చుక్కలూ ఒక స్కేలు అంచున పడతాయి. గీతను ఎడమవైపు పొడిగిస్తే 8.25ను, కుడివైపు పొడిగిస్తే 7.13ను తాకుతుంది. కరెంట్‌ను విడిగా అమ్మీటర్‌తో కొలవడం కంటే, లోడ్ మీది వోల్టేజ్‌ను ముందే కొలిచి పెట్టుకున్న లోడ్ విలువతో భాగించడం మేలు. చౌక మీటర్లలో 20 మిల్లీ ఆంపియర్ల రేంజ్‌కు లోపలి రెసిస్టెన్స్ 10 ఓమ్‌ల దాకా ఉంటుంది. అది 1 కిలో ఓమ్ లోడ్‌కు తోడైతే 3.824 కాస్తా 3.806 అవుతుంది.

లోడ్‌ను ఎంచుకోవడం కూడా ఆలోచించి చేయవలసిన పని. ఉదాహరణకు థెవెనిన్ రెసిస్టెన్స్ కొలవడంలో 10 శాతం తప్పు జరిగి 1273 అనుకున్నారనుకుందాం. 10 కిలో ఓమ్‌ల లోడ్‌తో పరీక్షిస్తే రావలసిన 7.39 బదులు 7.32 వస్తుంది. ఒక్క శాతం తేడా. "సుమారుగా సరిపోయింది" అని దాటిపోతుంది. 220 ఓమ్‌లతో పరీక్షిస్తే 1.32 బదులు 1.22, దాదాపు 8 శాతం. తేలికపాటి లోడ్ లోపలి రెసిస్టెన్స్‌లో తప్పును క్షమిస్తుంది, బరువైన లోడ్ క్షమించదు. ఓపెన్ వోల్టేజ్‌లో తప్పును మాత్రం ఏ లోడ్ అయినా అంతే శాతంగా చూపిస్తుంది. కాబట్టి ఒకే లోడ్‌తో చేసిన ప్రయోగంలో ఆ లోడ్ పెద్దదైతే నిజంగా పరీక్షకు నిలిచింది వోల్టేజ్ ఒక్కటే. లోడ్ విలువలు థెవెనిన్ రెసిస్టెన్స్‌కు అటూ ఇటూ, ఐదో వంతు నుంచి పది రెట్ల దాకా, పరుచుకుని ఉండాలి.

ఇంతకన్నా పదునైన పరీక్ష ఒకటుంది, ఎందుకో దాన్ని చాలా తక్కువ చోట్ల చేయిస్తారు. రెండు సర్క్యూట్లనూ ఒకేసారి, వేర్వేరు సప్లైలతో, ఒక్కోదానికి ఒకే విలువ లోడ్ తగిలించి, ఆన్ చేసి ఉంచాలి. రెండింటి బి టెర్మినళ్లనూ ఒక వైరుతో కలపాలి. వోల్ట్‌మీటర్‌ను ఒకదాని ఎ నుంచి రెండోదాని ఎకు పెట్టాలి. రెండు సర్క్యూట్లూ నిజంగా సమానమైతే మీటర్ సున్నా చూపించాలి. విడివిడిగా కొలిచినప్పుడు మీటర్ 20 వోల్టుల రేంజ్‌లో ఉంటుంది, చివరి అంకె విలువ 10 మిల్లీ వోల్టులు. తేడాను నేరుగా కొలిచేటప్పుడు 200 మిల్లీ వోల్టుల రేంజ్‌కు మారవచ్చు, అక్కడ చివరి అంకె 0.1 మిల్లీ వోల్ట్. చూపు వంద రెట్లు పదునెక్కింది. థెవెనిన్ రెసిస్టెన్స్‌లో 1 శాతం తేడా ఉంటే 1 కిలో ఓమ్ లోడ్ల దగ్గర సుమారు 20 మిల్లీ వోల్టులు కనిపిస్తాయి. మామూలు పద్ధతిలో అది 3.82, 3.80 అని రెండు అంకెల తేడాగా మిగిలి ఎవరి కంటా పడదు.

దీనికి రెండు లోడ్లు కావాలి, అవి అచ్చంగా ఒకేలా ఉండవు. లోడ్లలో 1 శాతం తేడా కూడా అంతే 20 మిల్లీ వోల్టులు చూపిస్తుంది. మరి వచ్చిన తేడా సర్క్యూట్లదా, లోడ్లదా? ఉపాయం సులువు. రెండు లోడ్లనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చి మళ్లీ చదవాలి. లోడ్ల వల్ల వచ్చిన భాగం గుర్తు మార్చుకుంటుంది, ప్లస్ మైనస్ అవుతుంది. సర్క్యూట్ల వల్ల వచ్చిన భాగం ఉన్నచోటే ఉంటుంది. రెండు రీడింగుల సగటు తీస్తే మిగిలేది సర్క్యూట్ల తేడా. నాలుగు క్రొకడైల్ క్లిప్పులు మార్చినంత పనితో, "సరిచూడబడింది" అన్న వట్టి మాట స్థానంలో "220 నుంచి 10 వేల ఓమ్‌ల వరకు రెండు సర్క్యూట్ల మధ్య తేడా ఇన్ని మిల్లీ వోల్టులకు మించలేదు" అని రాయగలుగుతాం. రిపోర్టులో ఉండవలసిన వాక్యం అది.

గీత వంగే చోట్లను కూడా ఒకసారి చూడకపోతే ప్రయోగం సగమే. 470 ఓమ్‌లకు సిరీస్‌లో ఒక సిలికాన్ డయోడ్ గుచ్చి మళ్లీ అవే లోడ్లు పెడితే చాలు. మిల్లీ ఆంపియర్ల కరెంట్ ఉన్నంతవరకు డయోడ్ 0.6, 0.7 వోల్టుల మధ్య తినేస్తుంది, చుక్కలు దాదాపు సూటిగానే పడతాయి. ఆ భాగాన్ని పొడిగిస్తే ఓపెన్ వోల్టేజ్ 7.6 దగ్గర ఉండాలనిపిస్తుంది. లోడ్ పూర్తిగా తీసి చూస్తే మీటర్ అంతకన్నా పైన చూపిస్తుంది, ఎందుకంటే కరెంట్ తగ్గేకొద్దీ డయోడ్ తినేది కూడా తగ్గుతుంది. గీత పైకొస దగ్గర వంగింది. సోర్స్ తీసేసి ఓమ్ మీటర్ పెడితే ప్రోబులు ఒకలా పెట్టినప్పుడు ఒక రీడింగ్, తిప్పి పెట్టినప్పుడు ఇంకో రీడింగ్. థెవెనిన్ రెసిస్టెన్స్ అనే ఒకే అంకె ఆ సర్క్యూట్‌కు లేనే లేదు.

అదే డయోడ్‌ను లోపలి నుంచి తీసి బయట, లోడ్ స్థానంలో పెడితే? సిద్ధాంతం చెక్కుచెదరదు. లీనియర్‌గా ఉండవలసింది సోర్స్ వైపు మాత్రమే, లోడ్ ఏదైనా కావచ్చు. ఎల్ఈడీ పెట్టినా, ఫిలమెంట్ బల్బు పెట్టినా రెండు సర్క్యూట్లూ ఒకే వోల్టేజ్, ఒకే కరెంట్ ఇవ్వాలి. చాలామంది ఈ తేడా గమనించకుండా "డయోడ్ ఉంటే థెవెనిన్ పనిచేయదు" అని గుర్తుపెట్టుకుంటారు. ఎల్ఈడీని రెండు సర్క్యూట్లకూ మార్చి మార్చి తగిలించి, వెలుగులో తేడా లేదని చూసినవాళ్లు ఆ మాట మళ్లీ అనరు.

సోలార్ సెల్ ఇంకా గట్టి ఉదాహరణ. దానికీ ఓపెన్ వోల్టేజ్ ఉంది, షార్ట్ కరెంట్ ఉంది. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే ఓమ్‌లలో ఒక అంకె వస్తుంది కూడా. కానీ ఆ అంకెకు అర్థం లేదు. ఆ రెండు కొసలనూ సూటి గీతతో కలిపితే సెల్ నుంచి వచ్చే గరిష్ఠ పవర్ వాటి లబ్ధంలో నాలుగో వంతే ఉండాలి. మంచి సిలికాన్ సెల్ అదే లబ్ధంలో మూడు వంతుల దాకా ఇస్తుంది, ఎందుకంటే దాని గీత చాలా దూరం దాదాపు బల్లపరుపుగా వెళ్లి చివర్లో ఒక్కసారిగా కూలుతుంది. రెండే రీడింగులు తీసినవాళ్లకు ఇది ఎప్పటికీ తెలియదు.

ఏసీలో ఇవే మాటలు రెసిస్టెన్స్ బదులు ఇంపీడెన్స్‌తో (ఏసీ కరెంట్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డుతో) చెల్లుతాయి, కానీ ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా. 50 హెర్ట్జ్ దగ్గర కట్టిన సమానార్థక సర్క్యూట్ 1 కిలో హెర్ట్జ్ దగ్గర సరిపోవాలని లేదు. మల్టీమీటర్ పరిమాణమే చూపిస్తుంది, ఫేజ్ కోణం (ఒక తరంగం మరోదానికంటే ఎంత ముందు, వెనుక ఉందో) కోసం ఆసిలోస్కోప్ కావాలి. పరిమాణాలు కలిసినంత మాత్రాన పోలిక పూర్తయినట్టు కాదు.

చివరగా, సిద్ధాంతం చెప్పని సంగతి. దీన్ని ల్యాబ్‌లో చూపించకపోతే విద్యార్థులు సమానం అన్న మాటను అన్నింటికీ వర్తింపజేస్తారు. రెండు సర్క్యూట్లకూ 1157.5 ఓమ్‌ల లోడ్ పెడదాం, గరిష్ఠ పవర్ అందే చోటు అది. రెండింటిలోనూ లోడ్‌కు 14.7 మిల్లీ వాట్లు అందుతాయి. సమానార్థక సర్క్యూట్‌లో సప్లై ఇచ్చేది 29.4, అంటే సగం లోడ్‌కు చేరింది. అసలు సర్క్యూట్‌లో 12 వోల్టుల సప్లై నుంచి 6.2 మిల్లీ ఆంపియర్లు పోతున్నాయి, 74.4 మిల్లీ వాట్లు. లోడ్‌కు చేరింది 20 శాతం లోపే. "గరిష్ఠ పవర్ దగ్గర ఎఫిషియెన్సీ 50 శాతం" అని అందరూ వల్లె వేసే మాట సమానార్థక సర్క్యూట్ గురించి, దాని వెనుక ఉన్న నిజమైన సర్క్యూట్ గురించి కాదు. సప్లై లీడ్‌లో ఒక అమ్మీటర్ పెడితే ఈ తేడా కళ్లముందే ఉంటుంది.

లోడ్ తీసేసినప్పుడు తేడా ఇంకా స్పష్టం. సమానార్థక సర్క్యూట్‌లో కరెంట్ సున్నా, వేడి సున్నా. అసలు సర్క్యూట్‌లో 3.75 మిల్లీ ఆంపియర్లు నిరంతరం తిరుగుతూ 45 మిల్లీ వాట్లు వేడిగా పోతూనే ఉంటాయి. ఈ విలువల దగ్గర వేలికి ఏమీ తెలియదు. రెసిస్టర్లన్నిటినీ పదో వంతుకు తగ్గించి 100, 220, 47 ఓమ్‌లతో కడితే సమానార్థక సర్క్యూట్ 8.25 వోల్టులు, 115.75 ఓమ్‌లు. లోడ్ లేనప్పుడు అది చల్లగా ఉంటుంది. దాని పక్కనే అసలు సర్క్యూట్‌లో, ఎ-బికి ఏమీ తగిలించకముందే, 220 ఓమ్‌ల రెసిస్టర్‌లో 309 మిల్లీ వాట్లు ఖర్చవుతుంటాయి. అది పావు వాట్ రెసిస్టర్ అయితే దాని హద్దు 250. ముట్టుకుంటే చురుక్కుమంటుంది, అలాగే వదిలేస్తే రంగు పట్టీలు నల్లబడతాయి. ఏ రెసిస్టర్‌కు ఎన్ని వాట్ల రకం వాడాలో తేల్చుకోవడానికి మళ్లీ ఆ మూడు రెసిస్టర్ల సర్క్యూట్ దగ్గరికే వెళ్లాలి.